ఆరో ఏడాదికి నిల్వ ఏది?

తెలుగులో కొవ్వు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి శరీరానికి సంబంధించింది, రెండోది కులానికి సంబంధించింది. కూలి పెంచమని అడిగిన జీతగానికి ‘కొవ్వెక్కింది’ అంటారు. గడీ ముందు నుంచి చెప్పులతో నడిచిన పిల్లవాడికి ‘ఒళ్లు బలిసింది’ అంటారు. రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకొని పట్నం పోయిన అమ్మాయి సెలవులకు వచ్చి ఒక మాట ఎదురు చెబితే ‘తిన్నది అరుగుతలేదు’ అంటారు. ఇదే భాష దొర పొట్టను మాత్రం ‘నిండైన విగ్రహం’ అని గౌరవించింది. ఒకరి ఒంట్లో హోదా అయిన కొవ్వు మరొకరి ఒంట్లో నేరమైంది. ఎవరి దగ్గర నిల్వ ఉండవచ్చు, ఎవరి దగ్గర ఉండకూడదు అన్న తీర్పు ఈ నుడికారంలోనే ఉంది.

జీవశాస్త్రం ఆ తీర్పును అంగీకరించదు. కొవ్వు కణజాలం ఒక అవయవం. తిన్న అన్నంలో ఆ పూటకు అక్కరలేని శక్తిని దాచిపెట్టి, తిండి లేని పూట బయటకు తీసి ఇవ్వడం దాని పని. అంతేకాదు, నిల్వ ఎంత ఉందో అది మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంది. ఆ కబురు మోసే హార్మోన్ లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. నిల్వ తరిగి కబురు సన్నగిల్లితే మెదడు ఖర్చు తగ్గించడం మొదలుపెడుతుంది. ఆకలి పెరుగుతుంది, శరీరం శక్తిని పొదుపుగా వాడుతుంది, రోగనిరోధకత మందగిస్తుంది, సంతానోత్పత్తి వాయిదా పడుతుంది. కొవ్వు కణజాలం దాదాపుగా లేకుండానే పుట్టే అరుదైన జబ్బు ఒకటి ఉంది, దాని పేరు లైపోడిస్ట్రఫీ. ఆ రోగులు చూడటానికి బక్కగా, కండలు తేలి కనిపిస్తారు. కానీ తీవ్రమైన మధుమేహం, కాలేయంలో కొవ్వు పేరుకోవడం వారిని చిన్న వయసులోనే పట్టుకుంటాయి. దాచుకునే చోటు లేనప్పుడు తిన్నది కూడా హాని చేస్తుంది. నిల్వ అతిగా ఉండటం ఎంత జబ్బో, అసలే లేకపోవడం కూడా అంతే జబ్బు.

ఈ శాస్త్రంలో పరిశోధన నేర్చుకోవడానికి వెళ్లే మన పిల్లల గురించి ఈ వ్యాసం. రిజర్వేషన్ దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థిని ప్రయోగశాల గుమ్మం దాటిస్తున్నది. అది పోరాడి సాధించుకున్న హక్కు. కానీ డాక్టరేట్ గుమ్మం దాటడంతో పూర్తయ్యే చదువు కాదు. లోపల ఐదారేళ్లు నిలబడాలి. అలా నిలబెట్టేది ఇంట్లో ఉన్న నిల్వ: పొలమో, పింఛనో, అద్దె వచ్చే ఇల్లో, అప్పు అడగగలిగిన బంధువో. కులం తరతరాలుగా కొందరికి పోగుచేసి, కొందరికి పోగు కానివ్వకుండా చేసింది సరిగ్గా దాన్నే. రిజర్వేషన్ ప్రవేశం ఇస్తుంది గానీ నిల్వ ఇవ్వదు. ఆ లోటు పూడ్చవలసింది ఫెలోషిప్. అది ఆలస్యమైన ప్రతి నెలా, ఆగిపోయిన ప్రతి ఏడాదీ కులం మళ్లీ లోపలికి వస్తుంది.

నేను నిర్మల్‌లో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. పరిశోధన మీద ఆశ ఉన్న పిల్లలు అడిగే ప్రశ్నలు మూడు. పీహెచ్‌డీ సీటు ఎట్లా వస్తుంది సార్? ఎన్నేండ్లు పడుతుంది? ఇంటికి ఎప్పటి నుంచి పైసలు పంపొచ్చు? మొదటి ప్రశ్నకు ప్రవేశ ప్రకటనలో సమాధానం ఉంటుంది. రెండోదానికి నిబంధనల్లో ఉంటుంది. మూడోదానికి ఎక్కడా ఉండదు. తల్లి బీడీలు చుట్టి, తండ్రి గల్ఫ్‌లో పనిచేసి చదివించిన పిల్లవాడికి మూడోదే మొదటి ప్రశ్న. ఉట్నూరు, కడెం వైపు నుంచి వచ్చే గోండు, కోలాం పిల్లల్లో డిగ్రీ దాటి చదువుతున్నవారు తమ గూడేనికి తరచూ మొదటివారే. పీహెచ్‌డీ అంటే ఏమిటో ఇంట్లో వివరించి చెప్పే బాధ్యత కూడా వారిదే.

2016 అక్టోబర్ 11న నిర్మల్ జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. గ్రామీణ పిల్లల కోసం 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ ఈ జిల్లాలోనే ఉంది, కానీ అది ఇంజనీరింగ్ చదువు కోసం. జీవశాస్త్రంలో పీజీ చేయాలంటే వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయానికో, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికో, హైదరాబాద్‌కో పోవాలి. జీవక్రియల మీద లోతైన పరిశోధన చేయాలంటే దాదాపుగా హైదరాబాదే. జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ రెండు వందల కిలోమీటర్లు బస్సులో కొన్ని గంటల ప్రయాణం. కులం లెక్కలో అది కొన్ని తరాల ప్రయాణం.

ఈ శాస్త్రానికి హైదరాబాద్ పాత కాపు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నెలకొల్పిన బెరిబెరి పరిశోధనా విభాగం పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ సంస్థ జంతుశాలలో తరాల తరబడి పెంచుతున్న విస్టార్ ఎలుకల్లోంచే, పుట్టుకతో స్థూలకాయం వచ్చే ఒక ఎలుక జాతి బయటపడింది. కిలో దాటి బరువెక్కగల ఆ ఎలుక ఒంట్లో లెప్టిన్‌కు కొదవ ఉండదు, కానీ మెదడు దాన్ని వినిపించుకోదు. స్థూలకాయం, మధుమేహం, ముందస్తు వార్ధక్యం వంటి వాటిని అర్థం చేసుకోవడానికి ఆ ఎలుక మన గడ్డ మీద పుట్టిన సాధనం. అంటే సాధనం ఉంది, సంస్థ ఉంది, శాస్త్రం ఉంది. ఇక తేలవలసింది ఆ పని నేర్చుకునే చేతులు ఎవరివి అన్నదే.

ఆ పని నేర్చుకోవడం ఎంత నిదానమో బయటివారికి తెలియదు. కొవ్వు కణం ఎలా తయారవుతుందో చూడటానికి ప్రపంచమంతా వాడే త్రీ-టీ-త్రీ ఎల్-వన్ అనే ఎలుక కణాలను మొదట పెంచాలి. 37 డిగ్రీల వేడిలో, కొలిచి ఇచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో వాటిని కాపాడాలి. ఇన్సులిన్‌తో పాటు మరి రెండు మందులు ఇచ్చి కొవ్వు కణాలుగా మార్చడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. తొమ్మిదో రోజు బూజు పట్టిందంటే మళ్లీ మొదటి రోజే. కణాలకు పోసే పశుపిండ సీరం ఖరీదైనది, బిల్లు మంజూరు కాకపోతే పని ఆగుతుంది. ఎలుకలకు కొవ్వు ఎక్కువున్న మేత పెట్టి ఫలితం చూడాలంటే మూడు నాలుగు నెలలు వేచి ఉండాలి. అంతకుముందు జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి రావాలి. ఆ ఎలుక పీల్చే ప్రాణవాయువును, వదిలే బొగ్గుపులుసు వాయువును కొలిచి అది ఎంత శక్తి ఖర్చు పెడుతున్నదో లెక్కగట్టే యంత్రం అన్ని చోట్లా ఉండదు. ఉన్నచోట వంతు కోసం ఎదురుచూడాలి. ఒక్క ప్రశ్నకు నమ్మదగిన జవాబు రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఇటువంటి మూడు నాలుగు జవాబులు కలిస్తే ఒక సిద్ధాంత గ్రంథం. ఇందులో ఆలస్యం విద్యార్థి సోమరితనం వల్ల వచ్చేది కాదు, పని స్వభావంలోనే ఉన్నది.

ఇప్పుడు నిబంధన చూద్దాం. జేఆర్ఎఫ్ రెండేళ్లు, ఎస్ఆర్ఎఫ్ మూడేళ్లు, వెరసి ఐదేళ్లు. ఎస్సీ, ఎస్టీ జాతీయ ఫెలోషిప్‌లకూ ఇదే గడువు. కాగా 2022 నాటి యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్ల గరిష్ఠ కాలం ఇచ్చాయి. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు అనుమతించాయి. స్త్రీలకు, వికలాంగులకు ఇంకో రెండేళ్ల సడలింపు ఇచ్చాయి. ఆరేళ్లు, ఎనిమిదేళ్లు పట్టవచ్చునని చట్టమే ఒప్పుకున్నది. అన్నం మాత్రం ఐదేళ్లకే పెడుతుంది. ఆరో ఏడాది ఎవరు పోషిస్తారు? ఇంట్లో నిల్వ ఉన్నవారిని ఇల్లు పోషిస్తుంది. లేనివాడు ట్యూషన్ చెబుతాడు, కోచింగ్ సెంటర్‌లో పార్ట్‌టైమ్ చేస్తాడు, లేదా చివరి అధ్యాయం రాయకుండానే ఊరికి తిరిగి వస్తాడు. ఇంతా చేసి అతని ఖాతాలో మిగిలేది ‘పూర్తి చేయలేకపోయాడు’ అన్న పేరు. ఆ పేరు తర్వాత ప్రతిభ చర్చల్లో సాక్ష్యంగా వాడుకుంటారు.

ఐదేళ్లైనా నిక్కచ్చిగా అందుతుందా అంటే అదీ లేదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ 42,000. కాగితం మీద మంచి మొత్తమే. అయితే నెలల తరబడి రాకపోవడం, తర్వాత ఒక్కసారే జమ కావడం పరిశోధకులందరికీ తెలిసిన అనుభవం. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి దక్కేది 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ కోసం ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. దేశంలోని ఆదివాసీ విద్యార్థులందరికీ, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఏడాదికి ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌లు 750. విదేశాల్లో చదివే ఎస్సీ తదితర విద్యార్థుల జాతీయ స్కాలర్‌షిప్‌కు 2025లో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. ఇక్కడ మరచిపోకూడని సంగతి ఒకటుంది. సంపన్న కుటుంబం నుంచి వచ్చిన పరిశోధకుడికి ఫెలోషిప్ చేతి ఖర్చు. నా విద్యార్థులకు అది ఇంటి ఆదాయం. చెల్లెలి ఫీజు, తండ్రి గల్ఫ్ అప్పు మీద వడ్డీ, తల్లి మందులు దాంట్లోంచే పోవాలి. ఒకే నెల ఆలస్యం ఇద్దరికీ ఒకే నెల కాదు.

శక్తి జీవక్రియల చరిత్రలో ఒక తెలుగువాడి పేరు చెరగకుండా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించాడు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఆ ఇద్దరూ వెలికితీశారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో లోకానికి తెలిసింది ఆ పని వల్లనే. 1930లో ఆయన డాక్టరేట్ పూర్తయింది. ఆ చదువు వెనుక మామగారు సమకూర్చిన డబ్బు ఉంది, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ ఉంది, రాత్రిపూట ఆసుపత్రిలో చేసిన పని ఉంది. అంతటి మేధావికి కూడా హార్వర్డ్‌లో స్థిరమైన స్థానం దక్కక 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, చదువు అక్షరాలా ఇంటి సొత్తుగా ఉన్నవాడికే నిల్వ కోసం ఇంత వెతుకులాట తప్పలేదు. అడిగే గుమ్మం కూడా లేనివారి సంగతి వేరే చెప్పాలా?

చెప్పడానికి అంబేడ్కర్ జీవితమే ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ స్కాలర్‌షిప్‌తో కొలంబియాకు వెళ్లాడు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది, చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. బరోడా కొలువులో అంటరానితనం అనుభవించాడు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టాడు. ఆ పొదుపుతో, సాహూ మహారాజ్ సాయంతో, స్నేహితుడి అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డీఎస్సీ పూర్తి చేశాడు. ఆయన సిద్ధాంత గ్రంథం రూపాయి సమస్య మీద. రూపాయి సమస్య మీద పరిశోధిస్తున్న మనిషిని రూపాయి సమస్యే మూడేళ్లు ఆపింది. తిరిగి వెళ్లగలిగింది ఆయన అంబేడ్కర్ కనుక. వెళ్లలేకపోయినవారి పేర్లు మనకు తెలియవు. వంద ఏళ్ల తర్వాత కూడా ఒక దళిత పరిశోధకుడు పీహెచ్‌డీ పూర్తి చేయడానికి అసాధారణుడే కావాలంటే, మనం సాధించింది ఎంత?

నిల్వ డబ్బు రూపంలోనే ఉండదు. ప్రయోగశాలలో గైడు చూపు కూడా ఒక నిల్వే. ఎవరికి ఏ సమస్య ఇవ్వాలి, ఎవరికి యంత్రం మీద వంతు ముందు దొరకాలి, ఎవరి పేరు పరిశోధనా పత్రంలో మొదట ఉండాలి అన్నవి ఒక్కరి చేతిలో ఉన్న నిర్ణయాలు. అక్కడ కులం పేరు ఎత్తనవసరం లేదు. ‘వీడికి ఇంగ్లీషు రాదు’, ‘బేసిక్స్ లేవు’, ‘సీరియస్‌గా లేడు’ అంటే చాలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్నల్లో ఒకటి, చేరి నెలలు గడిచినా అతనికి గైడు లేకపోవడం. అదే ప్రాంగణంలో 2016 జనవరి 17న మరణించిన రోహిత్ వేముల జీవశాస్త్రంలో పీజీ చేసి, సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ సాధించినవాడు. ఆనాటికి ఏడు నెలల ఫెలోషిప్ అతనికి రావలసి ఉంది. ఆ మరణం గురించి దేశం చాలా మాట్లాడింది. ఏడు నెలల బకాయి గురించి తక్కువ మాట్లాడింది. ఎయిమ్స్‌లో వివక్షపై తోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి చాలాచోట్ల నోటీసు బోర్డు దాటలేదని రోహిత్ తల్లి, పాయల్ తడ్వీ తల్లి 2019లో సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కవలసి రావడమే చెబుతుంది.

పైమెట్ల మీద ఎవరున్నారో చూస్తే కింది మెట్టు మీద ఏం జరుగుతుందో అర్థమవుతుంది. పేరున్న ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ ఇచ్చిన సమాచారం ఆధారంగా 2023 జనవరిలో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన కథనం ప్రకారం అక్కడి ప్రొఫెసర్లలో 98 శాతం ఆధిపత్య కులాలవారు. యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌లలో 2016–20 మధ్య 80 శాతం వారికే దక్కాయి. దళితులకు 6 శాతం, ఆదివాసీలకు ఒక శాతం లోపు. ఇది యాదృచ్ఛికం కాదు. పరిశోధన చేసే, నడిపే, మార్గదర్శనం చేసే శాస్త్ర సాంకేతిక పోస్టుల్లో గ్రూప్-ఏ తొలి మెట్టుకు పైవాటిని రిజర్వేషన్ నుంచి మినహాయించే వీలు 1975 ఉత్తర్వు నుంచీ ఉంది. 2019లో బోధనా పోస్టుల రిజర్వేషన్‌కు చట్టం చేసినప్పుడు కూడా హోమీ భాభా జాతీయ సంస్థ, టీఐఎఫ్ఆర్ వంటి వాటిని ఒక షెడ్యూలులో పెట్టి బయట ఉంచారు. పరిశోధన అనే మాట దగ్గరికి వచ్చేసరికి రాజ్యాంగం చెప్పులు విడిచి బయట నిలబడాలన్నట్టుంది.

ఇందులో నష్టం విద్యార్థులది మాత్రమే అనుకుంటే పొరపాటు. శాస్త్రానికీ నష్టమే. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపినదేమంటే, అక్కడి పసిపిల్లల సగటు బరువు 2.7 కిలోలే అయినా, 3.5 కిలోలు తూగే ఇంగ్లండ్ పిల్లలతో పోలిస్తే వారి ఒంట్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. తల్లి కడుపులో అందని తిండి పెద్దయ్యాక మధుమేహంగా బయటపడుతుందన్న అవగాహనకు ఇటువంటి పని పునాది వేసింది. మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒక గొప్ప పరిశోధన జరిగింది. 1987–90 మధ్య కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఆ ఆహారం అందని ఊళ్ల పిల్లల కన్నా 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, వారిలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని ప్రచురించింది. అంగన్‌వాడీ గిన్నెలోని ఉప్మా ఒక తరం తర్వాత రక్తంలో కనిపించిందన్నమాట. కొవ్వు ఎక్కడ చేరుతుంది, చక్కెర ఎందుకు పెరుగుతుంది అన్నవి ఎవరి తల్లికి ఏం దొరికింది అన్న ప్రశ్న నుంచి విడదీయలేనివి. ఆ ప్రశ్న కులం నుంచి విడదీయలేనిది.

అలాంటప్పుడు ఆ ప్రశ్నలు వేసేవారిలో ఆ తల్లుల పిల్లలు ఎందుకు ఉండకూడదు? రోజంతా కూర్చొని బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒంట్లో శక్తి ఖర్చు ఎలా ఉంటుంది? జొన్న గటక తిని పెరిగిన గోండు కుటుంబం పళ్లెంలోకి రేషన్ బియ్యం వచ్చాక వారి జీవక్రియ ఎలా మారింది? గల్ఫ్ ఎండలో ఏళ్లు గడిపి తిరిగొచ్చిన మనిషికి నలభై ఏళ్లకే చక్కెర జబ్బు ఎందుకు వస్తున్నది? ఈ ప్రశ్నలు నిర్మల్ పిల్లలకు చటుక్కున తోస్తాయి. ఇవి వారి ఇంటి ప్రశ్నలు. ఇప్పటిదాకా ఈ జిల్లాలకు ప్రయోగశాల పంపిందల్లా రక్తం తీసుకునే సూదిని, ఎత్తు కొలిచే బద్దను. కొలత ఇచ్చినవారి పిల్లలు కొలిచేవారు కావడానికి ఇంకెంతకాలం? పైగా ఇప్పుడు ఇది పెద్ద మార్కెట్ కూడా. బరువు తగ్గించే మౌంజారో, వేగోవీ మందులు 2025లో దేశంలోకి వచ్చాయి. ఈ తరహా మందుల మీద హైదరాబాద్ ఔషధ కంపెనీల దృష్టి పడింది. రేపటి ఉద్యోగాలు ఈ శిక్షణ పొందినవారివి. ఇప్పుడు తలుపు బయట ఉన్నవారు అప్పుడూ బయటే ఉంటారు.

విజ్ఞానానికి కులం లేదు, కణం కులం చూడదు, ప్రతిభను డబ్బుతో ముడిపెట్టకండి అని కొందరు మిత్రులు అంటారు. కణం కులం చూడదన్నది నిజమే. కానీ కణాలకు సీరం కొనే బిల్లు చూస్తుంది, ఆ బిల్లు మీద సంతకం చేసే చేయి చూస్తుంది. ఐదేళ్లలో పూర్తి చేసినవాడు ప్రతిభావంతుడు, ఆరేళ్లలో ఆగిపోయినవాడు కాదు అని తేల్చేముందు, ఆ ఐదేళ్లూ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారా అని అడగాలి. ఇటువంటి లెక్క ఎవరూ తీయరు. ప్రవేశాల పట్టికలో కులం కాలమ్ ఉంటుంది. ఎందరికి ఎన్ని నెలలకు గైడు దొరికాడు, ఎవరు ఎన్నేళ్లకు పూర్తి చేశారు, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు అన్న కాలమ్‌లు సంస్థలు బయటపెట్టే పట్టికల్లో కనిపించవు. లేని కాలమ్ చాటునే వివక్ష క్షేమంగా బతుకుతుంది.

చేయవలసింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఫెలోషిప్ ప్రతి నెలా నిర్ణీత తేదీన జీతంలా ఖాతాలో పడాలి. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. నిబంధన ఆరేళ్లు అనుమతించినప్పుడు ఫెలోషిప్ కూడా ఆరేళ్లు ఉండాలి. గైడు, పరిశోధనా సంఘం ధ్రువీకరిస్తే ఏడో ఏడాదికీ పొడిగించాలి. ప్రతి పరిశోధనా సంస్థ ప్రవేశం, గైడు కేటాయింపు, పూర్తయిన కాలం, మధ్యలో మానినవారు అన్న నాలుగు లెక్కలను కులాలవారీగా ఏటా ప్రకటించాలి. 1975 నాటి మినహాయింపును రద్దు చేయాలి. తెలంగాణ ప్రభుత్వం విదేశాల్లో చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తున్నది, మంచిదే. కాకతీయలో, ఉస్మానియాలో ఖాళీ జేబుతో ఎలుకల పంజరాల ముందు కూర్చున్న పరిశోధకుడికీ ఒక రాష్ట్ర ఫెలోషిప్ ఇవ్వాలి. నిర్మల్ వైద్య కళాశాలను హైదరాబాద్ పరిశోధనా సంస్థలతో కలిపి, ఇక్కడి డిగ్రీ పిల్లలకు వేసవిలో భత్యంతో కూడిన శిక్షణ సీట్లు పెట్టాలి. ప్రయోగశాలను మొదటిసారి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ రోజున చూసే దుస్థితి పోవాలి.

విద్యార్థి సంఘాలకు ఒక విన్నపం. ప్రవేశాల్లో రోస్టర్ కోసం మీరు చేసే పోరాటాన్ని ప్రయోగశాల లోపలికి కూడా తీసుకురండి. రోస్టర్ తప్పిందని పట్టుకున్నంత పట్టుదలగా ఫెలోషిప్ తేదీ తప్పిందని పట్టుకోండి. ఎంతమంది చేరారని అడిగినట్టే ఎంతమంది పట్టాతో బయటికి వచ్చారని అడగండి. హక్కు అడిగినందుకు ‘కొవ్వెక్కింది’ అనేవారు ఎలాగూ అంటారు. వారికి జీవశాస్త్రమే జవాబు చెబుతుంది: కొవ్వంటే కరువు రోజు కోసం ఒళ్లు దాచుకున్న శక్తి. ఆ శక్తిని మా పూర్వీకుల ఒంట్లో నిలవనివ్వలేదు. మా పిల్లల చదువులోనైనా నిలవనివ్వండి అని మేం ప్రాధేయపడటం లేదు. అది బకాయి. వసూలు చేసుకోవలసిన బకాయి.